ఎడమ చేతికి పని లేని బండి

మా బాబాయి హోండా సీ70, అంటే సూపర్ కబ్ రకం చిన్న మోటార్‌సైకిల్, పదకొండేళ్ళుగా కవరు కింద పడి ఉంది. "నడిపించుకోగలిగితే తీసుకెళ్ళరా" అన్నాడు. 72 సీసీ ఇంజన్, మూడు గేర్లు, 6 వోల్టుల కరెంటు. ఇంత చిన్న బండికి ఏముంటుంది, ఒక ఆదివారంలో అయిపోతుంది అనుకున్నాను. ఆరు వారాలు పట్టింది.

మొదటి పనులు తేలికే. సీటు ఎత్తితే ట్యాంకు కనిపిస్తుంది. అందులో పెట్రోలు ముదిరి గోధుమ రంగు బంకలా మారింది. తీసేసి కడిగాను. ఇంజన్ ఆయిల్ లీటరు కూడా పట్టదు, అదీ మార్చాను. ఈ బండిలో క్లచ్ కూడా అదే ఆయిల్‌లో మునిగి తిరుగుతుంది కాబట్టి కార్లకు వాడే ఆయిల్ పోయకూడదు, క్లచ్ జారిపోతుంది. ప్లగ్‌కి నిప్పురవ్వ అందేలా చేసే పాయింట్లు శుభ్రం చేసి కొత్త ప్లగ్ బిగించాను. ఏడో కిక్కుకి స్టార్టయింది. ఆ చప్పుడు విని బాబాయి ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చాడు.

అసలు టెన్షన్ ఆ తర్వాత మొదలైంది. యాక్సిలరేటర్ వదిలితే చాలు, ఇంజన్ ఆగిపోతోంది. అందుకని ఐడిల్ స్క్రూ తిప్పి, యాక్సిలరేటర్ ఇవ్వనప్పుడు ఇంజన్ తిరిగే స్పీడు పెంచాను. ఆగడం ఆగింది గానీ, ఫస్ట్ గేరు వేయగానే బండి ధడేల్‌మని ముందుకు దూకింది. గేరు మార్చిన ప్రతిసారీ అదే దెబ్బ. గేర్‌బాక్స్ పోయిందేమోనని రెండు రోజులు నిద్ర పట్టలేదు.

గేర్‌బాక్స్ బాగానే ఉంది. ఈ బండి క్లచ్ ఎలా పనిచేస్తుందో నాకే తెలియలేదు. హ్యాండిల్ మీద క్లచ్ లివర్ ఉండదు. ఇంజన్ వేగం పెరిగితే లోపలి బరువులు బయటికి విసురుకుని క్లచ్ ప్లేట్లను కలిపి నొక్కుతాయి, తగ్గితే వదిలేస్తాయి. నేను ఐడిల్ పెంచేసరికి బండి నిలబడి ఉన్నప్పుడు కూడా క్లచ్ సగం పట్టుకునే ఉంది. ఆ స్థితిలో గేరు వేస్తే దూకక ఏం చేస్తుంది? కార్బొరేటర్ విప్పితే పైలట్ జెట్, అంటే ఐడిల్‌లో పెట్రోలు అందించే సన్నటి రంధ్రం, పూర్తిగా మూసుకుపోయి ఉంది. అది శుభ్రం చేశాక ఐడిల్ స్పీడు తగ్గించినా ఇంజన్ ఆగలేదు.

దూకడం పోయింది. కానీ గేరు మారేటప్పుడు చిన్న కుదుపు మిగిలింది. అది క్లచ్ అడ్జస్ట్‌మెంట్. ఇంజన్ కుడివైపు కవరు మీద ఒక లాక్ నట్, మధ్యలో ఒక స్క్రూ ఉంటాయి. నట్ వదులు చేసి స్క్రూని కుడివైపుకి ఒక చుట్టు తిప్పాలి. తర్వాత ఎడమవైపుకి మెల్లగా తిప్పుతూ వస్తే ఒక చోట చేతికి బరువు తగులుతుంది. అక్కడి నుంచి మళ్ళీ కుడివైపుకి చుట్టులో ఎనిమిదో వంతు తిప్పి, స్క్రూ కదలకుండా పట్టుకుని నట్ బిగించాలి. ఆ బరువు తగలడమనేది చేతికి అలవాటు కావాలి. నాకు నాలుగోసారికి తెలిసింది.

పని చేస్తున్నంతసేపూ ఈ బండిని ఇలా ఎందుకు కట్టారా అని ఆలోచించాను. 1958లో మొదటి సూపర్ కబ్ తెచ్చినప్పుడు సోయిచిరో హోండా, టకేవో ఫుజిసావా మనసులో ఉన్నవాళ్ళలో నూడుల్స్ పళ్ళెం ఒక చేత్తో మోస్తూ, ఇంకో చేత్తో బండి నడిపే సోబా కొట్టు కుర్రాడు ఒకడు. అందుకే ఎడమ చేతికి క్లచ్ లేదు. సిలిండర్‌ను దాదాపు పడుకోబెట్టారు కాబట్టే కాలు ఎత్తకుండా ఎక్కగలుగుతున్నాం. చెడ్డ రోడ్ల కోసం 17 అంగుళాల చక్రాలు. బురద పడకుండా కాళ్ళ ముందు ప్లాస్టిక్ షీల్డు, గొలుసుకు పూర్తి మూత. ఇందులో ఒక్కటి కూడా సోకు కోసం పెట్టింది కాదు. 2017 నాటికి ఈ కుటుంబం బళ్ళు 10 కోట్లు తయారయ్యాయంటే నాకు ఆశ్చర్యం లేదు. వియత్నాంలో ఏ కంపెనీ బైక్‌నైనా హోండా అనడం మామూలే. ఇండోనేషియాలో ఈ రకం బళ్ళను బెబెక్ అంటారు, అంటే బాతు. నాకు ఆ పేరు చాలా ఇష్టం.

నడపడం మళ్ళీ మొదటి నుంచి నేర్చుకున్నాను. గేరు తగ్గించేటప్పుడు మడమతో పెడల్ నొక్కి వెంటనే వదిలితే వెనక చక్రం కీచుమంటుంది. నొక్కి ఉంచినంతసేపూ క్లచ్ విడిపోయే ఉంటుంది. ఆ సందులో కొంచెం యాక్సిలరేటర్ ఇచ్చి, పాదం మెల్లగా ఎత్తాలి. ఇంకోటి, ముందు బ్రేకు పట్టుకుంటే ఈ బండి ముందు భాగం కిందికి దిగదు, పైకి లేస్తుంది. మొదటిసారి భయపడ్డాను. ముందు సస్పెన్షన్ లింకుల అమరిక అలాంటిది, బండిలో లోపమేమీ కాదు.

తర్వాత ఇలాంటి బళ్ళున్న వాళ్ళతో కలిసి ఒక రోజు వెళ్ళాను. ఎవరికీ తొందర లేదు. ఆగిన ప్రతి చోటా ఎవరో ఒకరు స్పానర్ తీస్తారు, మిగతావాళ్ళు చుట్టూ చేరతారు. ఒక పెద్దాయన నా ఇంజన్ వైపు చెవి పెట్టి, "ట్యాపెట్లు లూజుగా ఉన్నాయి బాబూ, చల్లారాక చూద్దాం" అన్నారు. టీ తాగి, ఇంజన్ చల్లబడేదాకా నాతోనే కూర్చున్నారు. తన సంచిలోంచి సన్నని సందులు కొలిచే ఫీలర్ గేజ్ తీసి, వాల్వుల దగ్గరి సందును 0.05 మిల్లీమీటర్లకు సరిచేశారు. ఆయన కోసం మిగతా తొమ్మిది మందీ ఆగారు.

సాయంత్రం బండి బాబాయి ఇంటి ముందు ఆపాను. ఒక చుట్టు తిరిగొస్తానన్నాడు. వీధి చివర మలుపు దగ్గర గేరు తగ్గించడం ఇక్కడి నుంచే చూశాను. మడమ నొక్కి ఉంచాడు, ఇంజన్ ఒకసారి చిన్నగా గుర్రుమంది, పాదం మెల్లగా లేచింది. కుదుపు లేదు.