సింక్రొనైజేషన్ ప్రయోగాన్ని వీఆర్‌లోకి తెచ్చిన అనుభవం

హనుమకొండ దగ్గరి ఒక ఇంజినీరింగ్ కళాశాలలో ఎలక్ట్రికల్ మెషిన్స్ ల్యాబ్ చూసుకునే నాకు, ఏసీ కరెంటు పుట్టించే ఆల్టర్నేటర్‌ను విద్యుత్ గ్రిడ్‌తో కలిపే సింక్రొనైజేషన్ ప్రయోగం ఎప్పుడూ అసంతృప్తినే మిగిల్చేది. వోల్టేజి, ఫ్రీక్వెన్సీ, ఫేజ్ క్రమం, ఫేజ్ కోణం సరిపోయినప్పుడే స్విచ్ వేయాలని విద్యార్థులు గడగడా అప్పజెప్పేవారు. సరిపోనప్పుడు వేస్తే వైండింగ్‌లో ఎంత కరెంటు పోటెత్తుతుందో, షాఫ్ట్ ఎంతగా కుదుపుకు లోనవుతుందో నిజం యంత్రం మీద చూపించే సాహసం మాత్రం ఎవరూ చేయరు. రామగుండం ఎన్‌టీపీసీకి తీసుకెళ్లినా, 3000 ఆర్‌పీఎంతో తిరిగే 500 మెగావాట్ల యూనిట్‌ను దూరం నుంచి చూసి రావడమే తప్ప, పిల్లలను ప్యానెల్ ముట్టుకోనిచ్చేదెవరు?

అందుకే యాజమాన్యం వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్లు కొనిస్తామన్నప్పుడు ఈ ప్రయోగాన్నే ఎంచుకున్నాను. అమ్మినవారు ఇచ్చిన రెడీమేడ్ పాఠం కంటికి ఇంపుగానే ఉంది గానీ, అందులోని నాలుగు ధ్రువాల యంత్రం 1800 ఆర్‌పీఎంతో తిరుగుతోంది, అంటే అది 60 హెర్ట్జ్ దేశాల కోసం చేసినది. మన 50 హెర్ట్జ్, 1500 ఆర్‌పీఎంలకు మార్చమంటే దానికి వేరే బిల్లు అన్నారు. చివరకు మేమే పూనుకుని, రోటర్ కోణం, వేగం ఎలా మారతాయో చెప్పే స్వింగ్ సమీకరణాన్ని ముందు సైలాబ్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో రాసి, ఫలితాలను చేతి లెక్కతో సరిచూసి, ఆ తర్వాతే యూనిటీ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో దృశ్యంగా మలిచాం.

అన్నిటికంటే ఎక్కువ శ్రమ బల్బులకు పట్టింది. ఆల్టర్నేటర్‌కూ గ్రిడ్‌కూ మధ్య బల్బులు పెట్టి, అవి ఆరినప్పుడు స్విచ్ వేసే డార్క్ ల్యాంప్ పద్ధతిలో బల్బుల మీద పడే వోల్టేజి ఫేజ్ వోల్టేజికి రెట్టింపు దాకా పోతుంది కాబట్టి రెండేసి బల్బులను సిరీస్‌లో పెడతాం. ఫ్రీక్వెన్సీ తేడా అర హెర్ట్జ్ ఉంటే అవి రెండు సెకన్లకోసారి వెలిగి ఆరుతాయి. అయితే ఫిలమెంట్ బల్బు వోల్టేజి సున్నాకు చేరకముందే ఆరిపోతుంది కనుక, ఆ చీకటి వ్యవధిలో నడిమి క్షణాన్ని అంచనా వేయడమే అసలు నేర్పు. వెలుతురును ఆ తీరుకు దిద్దాకే స్క్రీన్ మీది పని కూడా అసలు ల్యాబ్‌లో ఉన్నంత కష్టమనిపించింది.

క్లాసు మొదలైనప్పుడు వినిపించిన మాట, "సార్, కళ్లు తిరుగుతున్నయ్." కళ్లు నడుస్తున్నామని చెబుతుంటే లోపలి చెవి నిలబడే ఉన్నామంటుంది, ఆ పొత్తు కుదరకనే వికారం. నడకను తీసేసి, విద్యార్థి ప్యానెల్ ముందే నిలబడేలా మార్చడంతో ఆ ఇబ్బంది చాలావరకు తగ్గింది. హెడ్‌సెట్ అందనివారు ప్రొజెక్టర్ మీద చూస్తూ రీడింగులు రాసుకుంటారు.

ఒకమ్మాయి కావాలనే ఫేజ్ కోణంలో 180 డిగ్రీల తేడాతో బ్రేకర్ మూసింది, అంటే స్విచ్ వేసింది. అమ్మీటర్ ముల్లు చివరికి కొట్టుకుంది. ఆల్టర్నేటర్ టెర్మినల్స్‌నే షార్ట్ సర్క్యూట్ చేస్తే వచ్చేదాని కంటే ఎక్కువ కరెంటు ఎలా వస్తుందని వెనక నుంచి వాదన మొదలైంది. అప్పుడు రెండు వోల్టేజీలూ కలిసివస్తాయని, గ్రిడ్ వైపు రియాక్టెన్స్ (ఏసీ కరెంటును అడ్డుకునే గుణం) స్వల్పమైతే కరెంటు దాదాపు రెట్టింపవుతుందని వాళ్లే బోర్డు మీద తేల్చుకున్నారు. ఆ చర్చ పాఠ్యపుస్తకంతో నాకెన్నడూ రాలేదు.

ఇంత చేసినా, ఆల్టర్నేటర్‌ను తిప్పే ప్రైమ్ మూవర్ వేగాన్ని రియోస్టాట్‌తో కొద్దికొద్దిగా సవరించే చేతి ఒడుపు హెడ్‌సెట్‌లో రాదు. అందుకే అసలు యంత్రం మీద ప్రయోగం ఇప్పటికీ తప్పనిసరి. ట్రాన్స్‌ఫార్మర్ ఓపెన్ సర్క్యూట్, షార్ట్ సర్క్యూట్ పరీక్షలను వీఆర్‌లోకి తేవాలన్న ప్రతిపాదనను మాత్రం పక్కన పెట్టించాను, ఎందుకంటే మూడు మీటర్ల రీడింగులు రాసుకోవడానికి తలకు హెడ్‌సెట్ తగిలించుకోనక్కర్లేదు.