మూడు విడతల్లో మార్చిన గేర్ ఆయిల్

పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు కారు స్టార్ట్ చేసి రివర్స్‌లో వేస్తే వెంటనే కదిలేది కాదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత సేపు ఆగి, ఆ తర్వాత చిన్న కుదుపుతో గేరు పడేది. ఇంజిన్ వేడెక్కాక మామూలే. నెల రోజులు అలా గమనించాక నాకు టెన్షన్ మొదలైంది.

కారు వయసు 18 ఏళ్లు. నాలుగు గేర్ల ఆటోమేటిక్, 1,46,000 కిలోమీటర్లు తిరిగింది. నాన్న నడిపిన కారు, ఇప్పుడు నా చేతికి వచ్చింది. ఇంజిన్ ఆయిల్ మార్చిన ప్రతిసారీ నాన్న సర్వీస్ పుస్తకంలో తేదీ రాసి పెట్టారు. గేర్‌బాక్స్ ఆయిల్ గురించి మాత్రం అందులో ఒక్క వరుస లేదు.

ఒక మెకానిక్‌ని అడిగితే, "ఇన్నేళ్లూ ముట్టుకోలేదు కదా మేడమ్, ఇప్పుడు ముట్టుకుంటే గేర్‌బాక్స్ పోతుంది" అన్నారు. ఈ మాట చాలామంది అంటారు. దీని వెనక కొంత నిజమూ ఉంది. గేర్లు జారడం (ఇంజిన్ తిరుగుతున్నా బలం చక్రాలకి సరిగ్గా అందకపోవడం) మొదలై, ఆయిల్ మాడు వాసన కొట్టేదాకా ఆగి, అప్పుడు ఆయిల్ మారుస్తారు. లోపల క్లచ్ ప్లేట్లు అప్పటికే అరిగిపోయి ఉంటాయి. నాలుగు రోజులకి గేర్‌బాక్స్ ఆగిపోతే నింద కొత్త ఆయిల్ మీద పడుతుంది. నా కారు జారడం లేదు, ఆలస్యంగా గేరు పడుతోంది, అంతే. అలాంటప్పుడు వదిలేయడమే ఎక్కువ ప్రమాదం అని నా నమ్మకం. ఆటోమేటిక్ గేర్‌బాక్సులు తయారుచేసే జెడ్‌ఎఫ్ కంపెనీ కూడా తన గేర్‌బాక్సుల ఆయిల్‌ని 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా ఎనిమిదేళ్లకి మించకుండా మార్చమంటుంది.

ఇంజిన్‌లో ఆయిల్ ముఖ్యంగా అరుగుదల తగ్గిస్తుంది. ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌లో అయితే పని చేసేదే ఆయిల్. ఇంజిన్ బలం, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య ఉండే టార్క్ కన్వర్టర్ లోపల ఆయిల్ ద్వారానే అటు నుంచి ఇటు చేరుతుంది. పంపు ఆయిల్‌ని ఒత్తిడితో నెడితేనే క్లచ్ ప్లేట్లు బిగుసుకుని గేరు పడుతుంది. ఆ ప్లేట్లు ఎంత జారాలో, ఎక్కడ పట్టుకోవాలో కూడా ఆయిల్‌లో కలిపే పదార్థాలే నిర్ణయిస్తాయి. 1970ల తొలి ఏళ్ల దాకా అమెరికాలో ఈ పని కోసం స్పెర్మ్ తిమింగలం నూనె కలిపేవారు. దాని వాడకాన్ని నిషేధించాక ప్రత్యామ్నాయాలు వెతుక్కోవాల్సి వచ్చింది. ఒక చిన్న కుదుపు తగ్గించడానికి అంత పెద్ద ప్రాణిని చంపారన్న సంగతి చదివినప్పటి నుంచి నా మనసులోంచి పోవడం లేదు.

అందుకే ఏ ఆయిల్ పడితే అది పోయకూడదు. నా కారు గేర్‌బాక్స్ డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) మీదే టైప్ టి-ఫోర్ అని ఆయిల్ రకం చెక్కి ఉంది, అదే కొన్నాను. 'అన్ని కార్లకీ సరిపోతుంది' అని రాసి ఉన్న డబ్బాలు పక్కన పెట్టేశాను. సీవీటీ (విడి గేర్లు లేకుండా బెల్టుతో నడిచే ఆటోమేటిక్) గేర్‌బాక్స్ అయితే దాని ఆయిల్ పూర్తిగా వేరు.

ఇక్కడో చిక్కుంది. అడుగున ఉన్న ప్లగ్ విప్పితే ఆయిల్ అంతా దిగదు. టార్క్ కన్వర్టర్‌లోనూ కూలర్ గొట్టాల్లోనూ ఉన్నది అక్కడే ఉండిపోతుంది. నా గేర్‌బాక్స్‌లో మొత్తం 7.6 లీటర్లు పడుతుంది. పాన్ (గేర్‌బాక్స్ అడుగున ఆయిల్ నిలిచే పళ్లెం) కూడా విప్పితే దిగింది 3.4 లీటర్లు. మిషన్ పెట్టి ఒకేసారి అంతా తోడే పద్ధతి ఉంది కానీ ఇంత పాత గేర్‌బాక్స్‌కి నేను సాహసించలేదు. కొంచెం తీసి, కొంచెం పోసి, రెండు వారాలు నడిపి, మళ్లీ అదే పని చేద్దామనుకున్నాను. లెక్క వేస్తే మొదటిసారి తర్వాత సగం పైన పాతదే. రెండోసారికి మూడో వంతు, మూడోసారికి ఐదో వంతు మిగులుతుంది.

ఆదివారం పొద్దున పది నిమిషాలు కారు నడిపి, కాసేపు ఆగి మొదలుపెట్టాను. ఆయిల్ గోరువెచ్చగా ఉంటే త్వరగా దిగుతుంది, మరీ వేడిగా ఉంటే చెయ్యి కాలుతుంది. నాలుగు మూలలా జాక్ స్టాండ్లు పెట్టి కారుని మట్టంగా నిలిపాను. జాకీ ఒక్కదాన్ని నమ్మి కారు కిందకి ఎప్పుడూ దూరకండి. డిప్‌స్టిక్ లేని కార్లలో అయితే ముందు ఆయిల్ పోసే ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోవాలి. పాతది దించేశాక ఆ ప్లగ్ కదలకపోతే కారు అక్కడే ఉండిపోతుంది.

ప్లగ్ విప్పగానే నల్లటి ధార. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ అది. టార్చ్ పట్టుకున్న తమ్ముడు కంగారుగా, "అక్కా, ఇంజిన్ ఆయిల్ ప్లగ్ విప్పామేమో!" అన్నాడు. అడగాల్సిన ప్రశ్నే, చాలామంది చేసే పొరపాటు అది. లేచి ఇంజిన్ డిప్‌స్టిక్ చూశాను, ఇంజిన్ ఆయిల్ నిండుగానే ఉంది. దిగేది గేర్‌బాక్స్‌దే. వేళ్ల మధ్య రాసి వాసన చూశాను. పాతబడిన వాసనే కానీ మాడు వాసన లేదు. ఊపిరి పీల్చుకున్నాను.

పాన్ విప్పడం ఓపికతో చేయాల్సిన పని. ఒక మూల బోల్టులు కాస్త ఉంచి మిగతావి తీస్తే ఆయిల్ ఒకవైపుకే జారుతుంది. లోపల అయస్కాంతాల మీద బూడిద రంగు మెత్తటి పేస్టు పేరుకుని ఉంది. అంతవరకు సహజమైన అరుగుదలే. లోహపు ముక్కలు, మెరిసే పలుకులు ఉంటే అక్కడితో ఆపి గేర్‌బాక్స్ తెలిసినవాళ్లకి చూపించాలి. ఆయిల్ గులాబీ రంగు పాలలా ఉంటే రేడియేటర్ నీళ్లు కలిశాయని అర్థం, అలాంటి కారు నడపకూడదు. నా పాన్‌లో ఒక్క పలుకు కూడా లేదు. అయస్కాంతాలు తుడిచి, ఫిల్టరూ గాస్కెట్టూ కొత్తవి వేశాను.

పాన్ బోల్టుల దగ్గర మాత్రం తొందరపడకండి. ఆ బోల్టులు దిగేది గేర్‌బాక్స్ అల్యూమినియంలో ఉన్న మరలోకి. మాన్యువల్ ప్రకారం నా కారుకి 10 న్యూటన్ మీటర్ల లోపే బిగించాలి, అంటే మణికట్టు బలం చాలు. ఇంకొంచెం బిగిద్దాం అనుకుంటే మర కొట్టుకుపోతుంది. చిన్న టార్క్ రెంచ్‌తో ఎదురెదురు బోల్టులు కొంచెం కొంచెంగా బిగించాను.

దిగిన ఆయిల్‌ని కొలతల డబ్బాలో పోసి చూశాను. 3.4 లీటర్లు. డిప్‌స్టిక్ గొట్టంలో సన్నటి గరాటు పెట్టి సరిగ్గా 3.4 లీటర్లు కొత్తది పోశాను. ఈ పని మొత్తంలో నేను గట్టిగా పట్టుకున్న నియమం ఇదొక్కటే. తక్కువైతే పంపు గాలి పీల్చి గేర్లు జారుతాయి. ఎక్కువైతే తిరిగే భాగాలు ఆయిల్‌ని చిలికి నురగ చేస్తాయి, అప్పుడూ ఒత్తిడి పడిపోతుంది. అయితే మొదలుపెట్టే ముందే డిప్‌స్టిక్ మట్టం సరిగ్గా ఉండాలి, లేకపోతే ఆ పాత లోటు అలాగే ఉంటుంది.

బ్రేక్ తొక్కి పట్టి ఒక్కో గేరులో నాలుగైదు సెకన్లు ఉంచాను. ఇరవై నిమిషాలు నడిపి వచ్చి, మట్టమైన చోట ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, లీవర్ పార్క్‌లో పెట్టి డిప్‌స్టిక్ తీశాను. 'హాట్' గుర్తుల మధ్యలో ఉంది. కొన్ని కార్లలో ఇంజిన్ ఆపాక చూడమంటారు కాబట్టి మీ మాన్యువల్ ఏం చెబుతుందో అదే చేయండి.

రెండో విడతా, మూడో విడతా ప్లగ్ ఒక్కటే విప్పాను. ఒక్కోసారి 2.9 లీటర్లు, గంట పని. ప్రతిసారీ ఒక చుక్క తెల్ల కాగితం మీద వేసి కిలోమీటర్లు రాశాను. మొదటిది కాఫీ డికాక్షన్ రంగు, రెండోది ఇటుక రంగు, మూడోది ఎరుపుకి బాగా దగ్గర. పాత ఆయిల్‌ని మూత గట్టిగా ఉన్న డబ్బాల్లో నింపి రీసైక్లింగ్‌కి ఇచ్చాను. మట్టిలోనో కాలువలోనో పారబోయాలన్న ఆలోచనే వద్దు.

ఇప్పుడు పొద్దున్నే రివర్స్‌లో వేస్తే 'ఒకటి' అనేలోపు కదులుతోంది. కుదుపు దాదాపు పోయింది. మరీ చలిగా ఉన్న రోజు రెండు నుంచి మూడో గేరుకి మారేటప్పుడు కొద్దిగా తెలుస్తోంది. రబ్బరు సీళ్లు గట్టిపడి ఉంటే దానికి కొత్త ఆయిల్ చేయగలిగింది లేదు. మూడు చుక్కల కాగితాన్ని నాన్న రాసిన సర్వీస్ పుస్తకంలో అతికించి, ఆయన చివరి వరుస కింద గేర్ ఆయిల్ అని రాసి తేదీ వేశాను.