మోపు దించితే మళ్ళీ ఎత్తేదెవరు: ఉదయగిరి దుర్గం బాటలో

నెల్లూరు నుంచి ఉదయగిరికి బస్సులో సైకిల్ వేసుకుని పోవాలంటే ముందు కండక్టర్‌తో వాదన తప్పదు. ముందు చక్రం విప్పి, గోతాంలో చుట్టి, డిక్కీలో ఒక మూలకి పెట్టినా సరే, నా టికెట్ కంటే లగేజీ టికెట్టే ఎక్కువ చెప్పాడు. బేరం తెగేసరికి బుచ్చిరెడ్డిపాళెం దాటిపోయింది. సంగం, ఆత్మకూరు వరకూ రెండు పక్కలా నీళ్ళు నిండిన మళ్ళు, నారు కట్టలు, ఆ తర్వాత దుత్తలూరు వైపు పోయేకొద్దీ వరి పోయి చిల్లకంప, ఎర్రమట్టి, దూరంగా కొండలు. ఈ రోడ్డు మనవాళ్ళందరికీ తెలిసిందే కాబట్టి నేరుగా దుర్గం దగ్గరికే వస్తాను. అక్కడ మనుషులు నడిచే కాలిబాటలో సైకిళ్ళు తొక్కడం చూశాను, అది ఇప్పటికీ నాకు మింగుడుపడటం లేదు.

ముందే ఒక మాట. నేను సైకిళ్ళకి వ్యతిరేకిని కాను. లావు టైర్ల గేర్ సైకిల్ నాకూ ఉంది, ఆదివారం వస్తే ఇంట్లో కాలు నిలవదు. ఉదయగిరికి పోయిందే గండిపాలెం ప్రాజెక్టు వైపు డొంకల్లో, అంటే బండ్ల బాటల్లో, తొక్కుదామని. తుఫాను వాన వెలిసి కొన్నాళ్ళే అయింది, దుమ్ము లేదు, నేల మెత్తగా ఉంది, ఎండ కూడా డిసెంబరు ఎండే. దారిలో జోడిపి గొర్రెల మంద ఎదురైంది, కళ్ళచుట్టూ నల్ల మచ్చలతో తెల్లటి గొర్రెలు డొంక నిండా పరుచుకుని వస్తుంటే సైకిల్ దిగి ఒక పక్కన నిలబడ్డాను, మంద పోయాక మళ్ళీ ఎక్కాను. గొర్రెల కాపరి ఏమీ అనలేదు, తల ఊపి పోయాడు. పల్లేరుకాయలు గుచ్చుకుని వెనక టైరు దిగిపోయింది, ట్యూబు మార్చుకున్నాను. ఆ రోజు గురించి ఇంతకన్నా చెప్పేదేం లేదు, హాయిగా గడిచింది.

మర్నాడు దుర్గం ఎక్కాలనుకున్నాను, నడిచే. మూడు వేల అడుగుల పైన ఎత్తున్న కొండ అది. కృష్ణదేవరాయలు గజపతుల నుంచి ఈ కోట తీసుకోవడానికి ఏడాదిన్నర ముట్టడి వేశాడని, 1514లో గెలిచాక ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపీకి తీసుకుపోయి గుడి కట్టించాడని చదివి ఉంటారు. నాకు మాత్రం ఎప్పుడూ గుర్తుండేది ఇంకొకటి. పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ రాసినదాని ప్రకారం ఈ కోటకి ఉన్న దారిలో మనుషులు ఒకరి వెనక ఒకరు తప్ప పోలేకపోయేవారట, అంత ఇరుకు. రాయలు గుట్టలు తవ్వించి, బండలు పగలగొట్టించి సైన్యం కోసం దాన్ని వెడల్పు చేయించాడట. అంత సైన్యాన్నే ఆపిన దారి అన్నమాట. ఇప్పటికీ కొన్ని మలుపుల్లో ఒక పక్క నిలువు బండ, ఇంకో పక్క కంప, కంప కింద లోతు, మధ్యలో ఒక మనిషి పట్టేంత చోటు. ఎదురుగా ఇంకొకరు వస్తే ఇద్దరిలో ఒకరు ఒత్తిగిలి నిలబడాల్సిందే.

అట్లాంటి మలుపులోనే ఆమె కనిపించింది. యాభై దాటిన మనిషి, తల మీద కట్టెల మోపు, దాని కింద పాత చీర గుడ్డతో చుట్టిన చుట్టకుదురు, నడుములో దోపుకున్న కొడవలి, కాళ్ళకి అరిగిపోయిన రబ్బరు చెప్పులు. నేను ఎక్కుతున్నాను, ఆమె దిగుతోంది. పక్కకి జరిగాను. ఆమె నా ముందుకి వచ్చేలోపే పైనుంచి గులకరాళ్ళు దొర్లుకుంటూ వచ్చాయి, వాటి వెనకే బ్రేకు వేసిన టైరు మట్టిని గీరుకుంటూ ఒక సైకిల్, దాని వెనక ఇంకోటి, ఇంకోటి. హెల్మెట్లు, మోకాళ్ళకి కవచాలు, ఛాతీ మీద కెమెరా. తెల్లారకముందే సైకిళ్ళు భుజాన వేసుకుని మొదటి బురుజు దాకా మోసుకెళ్ళి, అక్కడి నుంచి కిందికి తొక్కుకుంటూ దిగుతున్నారు. మొదటివాడు అరుస్తున్నాడు, సైడ్, సైడ్ అని.

ఆమె తిరిగి చూడలేదు, చూడలేదంటే తల తిప్పలేదు, మోపు ఉన్న తలని అంత సులభంగా తిప్పలేరు కదా. ఒక్క అడుగు పక్కకి వేసింది, కంపలోకి. మోపు ఒక వైపు ఒరిగి కింద పడింది. ఆమె పడలేదు, అదే పదివేలు. సైకిళ్ళు పోయాయి. పోతూ పోతూ ఒకడు సారీ ఆంటీ అన్నాడు, ఆగలేదు.

అందరికంటే వెనక వస్తున్న చిన్న కుర్రాడు మాత్రం ఆగాడు. సైకిల్‌ని బండకి ఆనించి వచ్చాడు. ఆమె కాలికి దిగిన ముల్లు తనే తీసుకుంది, నేను నీళ్ళ సీసా ఇచ్చాను. పెద్దమ్మా, వాళ్ళు అరుస్తుంటే ఆ మోపు దించేసి నిలబడొచ్చు కదా అని అడిగాను.

"దించొచ్చు నాయనా, మళ్ళా ఎత్తేదెవరు? రెండో మడిసి లేందే ఈ మోపు తలకెక్కదు. అందుకనే కొండ మీద కట్టేటప్పుడు ఇద్దరం ముగ్గురం ఉంటాం, దారిలో దించం. అదిగో ఆ బండ చూశావా, దానికి ఆనించి అలుపు తీర్చుకుంటాం, కిందకి పెట్టం."

ఆమె చూపించిన బండ నడుమెత్తు ఉంది, పైభాగం నున్నగా అరిగిపోయి ఉంది. ఎంతమంది ఎన్నేళ్ళు మోపులు ఆనించితే అట్లా అయిందో.

"వీళ్ళు రోజూ వస్తారా?"

"సెలవలప్పుడు వస్తన్నారు. గొర్రెలొస్తే చప్పుడు ముందే ఇనపడద్ది, పక్కకి పోతాం. వీళ్ళు కనపడేలోపలే మీదికొచ్చేస్తారు. నా సంగతి సరే, ఎనకమాల నా కోడలు వస్తంది, దానికి ఆరో నెల."

ఆ కుర్రాడి ముఖం మాడిపోయింది. ఇద్దరం కలిసి మోపు ఎత్తాం. అది అనుకున్నంత తేలిక పని కాదు, ఆమె మోకాళ్ళు కొద్దిగా వంచి, రెండు చేతులూ పైకి పెట్టి, ఊఁ అనగానే సరిగ్గా ఆ క్షణానికి చుట్టకుదురు మీదికి రావాలి, ఒక వైపు బరువు ఎక్కువైతే మెడ పట్టేస్తుంది. రెండోసారికి కుదిరింది. ఆమె ఇంకేమీ అనకుండా దిగిపోయింది. కుర్రాడు మళ్ళీ సైకిల్ ఎక్కలేదు, చేత్తో పట్టుకుని నడిపించుకుంటూ పోయాడు. వెనక కోడలు దిగి వస్తోందేమో అనుకున్నాడో ఏమో, ప్రతి మలుపు దగ్గరా ఆగి పైకి చూస్తూ పోయాడు.

పైన కోట గోడలు, మసీదు, ఎండ, గాలి, అన్నీ చూశాను గానీ మనసు అక్కడ నిలవలేదు.

సాయంత్రం ఉదయగిరిలో టీ కొట్టు దగ్గర ఆ గుంపే కనిపించింది, కార్ల మీద సైకిళ్ళు కట్టుకుంటూ. పోయి అడిగాను. వాళ్ళలో పెద్దవాడు మర్యాదగానే మాట్లాడాడు. దారి అందరిదీ అన్నాడు, విదేశాల్లో ఇట్లాంటి బాటల్లో ఎవరైనా తొక్కుతారు, మనకే అర్థం కాదు అన్నాడు. విదేశాలంటే ఏ దేశమో చెప్పమన్నాను. ఇంగ్లండ్‌లో చూశానన్నాడు. మా మేనమామ కొడుకు అక్కడే ఉన్నాడు, వాడికీ ఇదే పిచ్చి, కాబట్టి ఆ సంగతి నాకు కొంత తెలుసు. ఇంగ్లండ్, వేల్స్‌లో నడకదారి అని రాసిపెట్టిన దారుల్లో సైకిల్ తొక్కే హక్కు లేదు. గుర్రాలు పోయే దారులు వేరే ఉంటాయి, వాటిలో 1968 చట్టం సైకిళ్ళని ఒప్పుకుంది, అదీ నడిచేవాళ్ళకీ గుర్రాలకీ దారి ఇవ్వాలన్న షరతు మీద. మొత్తం దారుల్లో సైకిల్‌కి వీలున్నవి ఐదో వంతుకి కాస్త ఎక్కువ, అంతే, అది చాలదని అక్కడి సైకిల్ వాళ్ళు ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. స్కాట్లాండ్‌లో మాత్రం 2003 చట్టంతో చాలావరకు అన్నిచోట్లా తొక్కొచ్చు, కానీ బాధ్యతగా తొక్కితేనే ఆ హక్కు. వాళ్ళ దేశం ఉదాహరణ తెచ్చుకుంటే షరతుతో సహా తెచ్చుకోవాలి.

అతను ఇంకో మాట కూడా అన్నాడు, గట్టి నేల మీద టైరు చేసే నష్టం కాళ్ళు చేసేదానికంటే మరీ ఎక్కువేం కాదని. తిరిగే టైరు విషయంలో నేనూ ఒప్పుకుంటాను. జారే టైరు సంగతి వేరు. దిగేటప్పుడు ఆ మలుపు దగ్గర కూర్చుని చూశాను. వెనక బ్రేకు బిగించి ఈడ్చినచోట జానెడు వెడల్పున మట్టి లేచిపోయి, చెట్టు వేర్లు బయటపడి ఉన్నాయి. ఏటవాలుకి నిలువునా పడిన గాడి అది. తర్వాతి వాన నీళ్ళు ఇక బాట మీద పరుచుకోవు, ఆ గాడిలోనే దిగుతాయి, రెండు మూడు వానలకి అది చిన్న కాలువ అవుతుంది. చెప్పులు జారిపోయే ఆ కాలువలో మోపుతో దిగేది వీళ్ళు కాదు.

మా తాతది ఇందుకూరుపేట వైపు. నాట్లు పడ్డాక పొలం గట్టు మీద సైకిల్ తొక్కితే ఆయన ఊరుకునేవాడు కాదు. గట్టు తెగితే పై మడి నీళ్ళన్నీ కింద మడిలోకి పోతాయి, అది పక్కవాడి పంట. ఉత్తరాలు తెచ్చే పోస్టుమాను కూడా సైకిల్‌ని వేపచెట్టు కింద స్టాండు వేసి, గట్టు వెంబడి నడిచి వచ్చేవాడు. సైకిల్ మీద బతికేవాడికే ఆ లెక్క తెలుసు. డొంక వేరు, గట్టు వేరు, కొండ బాట వేరు. డొంక బండ్లు తిరిగిన దారి, ఊరి నక్షాలో ఉంటుంది, చక్రానికి అక్కడ చోటుంది. కాలిబాట చాలా చోట్ల ఎవరిదో ఒకరి పట్టా భూమిలోంచే పోతుంది. ఇరవై ఏళ్ళు అడ్డం లేకుండా నడిస్తే దారి హక్కు వస్తుందని 1882 ఈజ్‌మెంట్ చట్టం చెబుతుంది, నిజమే, కానీ దాన్ని పట్టుకుని కోర్టుకి పోయే ఓపిక ఎంతమందికి ఉంటుంది? రైతుకి చిరాకు పుడితే అడ్డంగా నాలుగు చిల్లకంపలు వేస్తాడు, అయిపోయింది. సైకిళ్ళవాళ్ళు ఇంకో కొండ వెతుక్కుంటారు. బడికి పోయే పిల్లలు, మేకల వాళ్ళు రోడ్డు చుట్టూ తిరిగి పోవాలి.

ఉదయగిరి చెక్క గరిటెలు తెలియనివాళ్ళు లేరు, భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తిరిగి వచ్చే ముందు రెండు కొన్నాను, ధర ఎక్కువే అనిపించింది గానీ బేరం ఆడలేదు. నర్ది, కలివి లాంటి చెక్కతో చేస్తారు, ఆ చెక్క ఈ చుట్టుపక్కల కొండల్లోదే. కొండ నుంచి అది దిగాలన్నా మనిషి తలో భుజమో కావాలి. ఈ బాట వాళ్ళకి పని, మనకి సరదా. రెండూ ఎదురైనప్పుడు సరదా దిగాలి. అది కూడా గంట కొట్టి, సారీ చెప్పి, పక్కనుంచి దూరిపోవడం కాదు, నా మటుకు నాకు మనిషి పట్టేంత బాటలో సైకిల్ ఎక్కకూడదు, అంతే. తొక్కుకోవడానికి మన జిల్లాలో కాలువ కట్టలున్నాయి, డొంకలున్నాయి, జన్మంతా తొక్కినా తరగవు.

దుర్గం చూడాలనుకునేవాళ్ళు సైకిల్ కిందే టీ కొట్టు దగ్గర తాళం వేసి పెట్టండి, పదో ఇరవయ్యో ఇస్తే చూసుకుంటారు. ఆరింటికల్లా నడక మొదలుపెట్టండి, నీళ్ళు మనిషికి మూడు లీటర్లైనా ఉండాలి. మోపులు దిగేది తొమ్మిది నుంచి పదకొండు మధ్య. ఆ వేళకి మీరు బాటలో ఉంటే ఆ నడుమెత్తు బండ వైపు నిలబడకండి, అది వాళ్ళు మోపు ఆనించుకునే చోటు.