మొదటి పాట బయటికి వచ్చేదాకా

ఇంటర్ రిజల్ట్స్ రోజున ఫెయిలై గది తలుపేసుకునే పిల్లల కోసం ఒక పాట చేయాలని నాకు చాలాకాలంగా ఉండేది. మా సికింద్రాబాద్‌లో ఏటా చూస్తూనే ఉన్నాను. నేను రాసేది ర్యాప్. కానీ ఈ పాటకు ర్యాప్ ఒక్కటే చాలదు, కోరస్ అమెరికా సోల్ సంగీతంలోని పాటలా గుండెలోంచి రావాలి అనిపించింది.

ఎక్కువ కష్టపెట్టింది రాయడమే. "లేచి నిలబడు, గెలుస్తావు" అంటే వినేవాడికి క్లాసు పీకినట్టే ఉంటుంది. అందుకని మార్కుల మెమో, పక్కింటి ఆంటీ ప్రశ్న, సప్లిమెంటరీ ఫీజుకి ఆఖరి తేదీ, అన్నం తినమని తలుపు కొట్టే అమ్మ, ఇవన్నీ పెట్టాను. ధైర్యం చెప్పే మాట పాట మొత్తానికీ ఒక్క లైనే ఉంచాను.

ఇంకో చిక్కు మన భాషతో. వాక్యం చివర క్రియ పడుతుంది కాబట్టి వచ్చాడు, ఇచ్చాడు, తెచ్చాడు అంటూ అంత్యప్రాస ఊరికే దొరుకుతుంది. నాలుగు లైన్లు అలాగే సాగితే చెవికి విసుగు. క్రియను ముందుకు జరిపి, పద్యాల్లో ఉండే రెండో అక్షరం ప్రాస పట్టుకున్నాక పాటకు ఊపొచ్చింది. ఆ అక్షరం సరిగ్గా స్నేర్ డ్రమ్ము దెబ్బ మీద పడితే ఎంత హాయిగా ఉంటుందో!

ర్యాప్ వెనక వినిపించే సంగీతాన్ని బీటు అంటాం. దానికోసం ముందు నెట్‌లో లీజుకిచ్చేవి చూశాను. చవకే, కానీ అదే బీటు మీద ఇంకెందరో పాడతారు. చాలా లైసెన్సుల్లో స్ట్రీమ్‌లకు పరిమితి ఉంటుంది, మన పాటను వేరే వీడియోల్లో వాడితే పట్టుకునే యూట్యూబ్ కంటెంట్ ఐడీలో పాటను నమోదు చేయకూడదని కూడా ఉంటుంది. దాంతో కీబోర్డ్ వాయించే స్నేహితుడితో కలిసి మా సొంత బీటే చేసుకున్నాం.

కోరస్ పాడింది చర్చి కోయర్‌లో పాడే అక్క. అమెరికాలో నల్లజాతివాళ్ల గాస్పెల్ పాటల్లోంచే సోల్ వచ్చింది. 1950ల్లో రే చార్లెస్, శామ్ కుక్ లాంటివాళ్లు ఆ పాడే తీరును చర్చి బయటికి తెచ్చారు. "ఎలా పాడమంటావు తమ్ముడూ?" అని అక్క అడిగితే, "ఆదివారం పాడినట్టే పాడక్కా" అన్నాను. ఒకచోట ఆమె గొంతు వణికింది. దాన్ని సరిచేయనివ్వలేదు, పాటకు ప్రాణం అక్కడే ఉంది.

మిక్సింగ్ త్వరగానే అయిపోయింది. టెన్షన్ పెట్టింది కాగితాల పనే. సాహిత్యం, బాణీ హక్కు వేరు, రికార్డింగు హక్కు వేరు. అందుకే పాట బయటికి రాకముందే ఎవరి వాటా ఎంతో రాసుకుని ముగ్గురం సంతకాలు పెట్టాం. పాటలను స్ట్రీమింగ్ యాప్‌లకు చేర్చే డిస్ట్రిబ్యూటర్ ద్వారా అప్‌లోడ్ చేస్తే, రికార్డింగును గుర్తుపట్టడానికి 12 అక్షరాల ఐఎస్ఆర్‌సీ కోడ్ వచ్చింది. స్పాటిఫైలో ప్లేలిస్టులు తయారుచేసే ఎడిటర్లకు పాట పంపాలంటే విడుదలకు ముందే పంపాలి. కనీసం 7 రోజుల ముందు పంపితే మనల్ని ఫాలో అయ్యేవాళ్ల కొత్త పాటల ప్లేలిస్టు రిలీజ్ రాడార్‌లో పాట కనిపిస్తుంది. రాసినవాళ్ల రాయల్టీ కోసం, దాన్ని వసూలు చేసి పంచే ఐపీఆర్ఎస్ అనే సంస్థలో సభ్యత్వానికి దరఖాస్తు పెట్టాం. 2012 కాపీరైట్ సవరణ గీత రచయితలకు, సంగీతకర్తలకు ఇచ్చిన రాయల్టీ హక్కును కొత్తవాళ్లు అస్సలు వదులుకోకూడదు.

పాటను రిజల్ట్స్ వారంలోనే వదిలాం. వీడియో కింద మా పేర్లకన్నా ముందు మనసు బాగోలేనివాళ్లకు సాయం చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 పెట్టాం. ఏ వేళలో చేసినా తెలుగులో మాట్లాడతారు, డబ్బులు తీసుకోరు.