ఎడమ చేతికి నాడి అందలేదు

రక్తపోటు చూసే మిషను పాడైందనే అనుకున్నాం, నేనూ నర్సూ. ఎడమ చేతికి పట్టీ చుట్టి మూడుసార్లు గాలి కొట్టినా అంకె రాలేదు. కుడి చేతికి మార్చగానే 150 చూపించింది. ఆమె నా ఎడమ మణికట్టు పట్టుకుని చాలాసేపు వెతికింది. నాడి దొరకలేదు.

అప్పటికి ఏడాదిగా జడ అల్లుకుంటుంటే ఆ చెయ్యి సగంలోనే లాగేసేది. సాయంత్రాలు సన్నగా జ్వరం. రక్తం తక్కువేమోనని ఐరన్ మాత్రలు మింగుతూ కాలం గడిపాను. రక్తనాళాలను చూపే సీటీ యాంజియోగ్రాం స్కానులో అసలు సంగతి తేలింది. చేతికి వెళ్లే పెద్ద ధమని గోడ మందమెక్కి, లోపల దారి దారప్పోగంత మిగిలింది. జబ్బు పేరు తకయాసు ఆర్టెరైటిస్, అంటే ధమని గోడల వాపు. 1908లో దీని వల్ల కంటిలో వచ్చే మార్పులను వివరించిన జపాన్ కంటి వైద్యుడి పేరది.

‘‘స్టెంటు ఎప్పుడు వేస్తారు?’’ అన్నది నా మొదటి ప్రశ్న. ‘‘ఇప్పుడు కాదు’’ అన్నారు రుమటాలజిస్టు, కీళ్ల జబ్బులతోపాటు ఇలాంటి రోగనిరోధక జబ్బులు చూసే వైద్యుడు. దారి మూసుకుపోతుంటే తెరవకుండా చూస్తూ కూర్చోవడమేమిటని కోపం వచ్చింది. ఆయన ఓపికగా చెప్పారు. నా రోగనిరోధక వ్యవస్థే ధమని గోడ మీద దాడి చేస్తోంది. ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు సీఆర్‌పీ, ఈఎస్‌ఆర్ రెండూ బాగా పెరిగి ఉన్నాయి. గోడ అలా రగులుతుండగా స్టెంటు వేస్తే మళ్లీ మూసుకుపోయే ప్రమాదం ఎక్కువ. ఈలోగా పక్కన పెరిగిన చిన్న నాళాలు చుట్టుదారిలో చేతికి రక్తం అందిస్తూనే ఉన్నాయట.

రోజుకు 50 మిల్లీగ్రాముల ప్రెడ్నిసొలోన్ అనే స్టీరాయిడ్‌తో చికిత్స మొదలైంది. జ్వరం వారంలోనే పోయింది, దాంతోపాటు నిద్ర కూడా. ముఖం గుండ్రంగా ఉబ్బింది. రోగనిరోధక దాడిని అణచే మెథోట్రెక్సేట్ కూడా ఇచ్చారు. అది వారానికి ఒక్కసారే వేసుకోవాలి, పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే క్యాలెండర్లో ఆదివారాలకు ఎర్ర సున్నాలు చుట్టాను. ఒకసారి అద్దంలో ముఖం చూసుకోలేక స్టీరాయిడ్ నా అంతట నేనే మానేశాను. మూడో రోజుకు వాంతులు, లేచి నిలబడితే కళ్లు తిరగడం. నెలల తరబడి వాడాక శరీరం సొంతంగా స్టీరాయిడ్ తయారు చేయడం మందగిస్తుందని, మోతాదు మెట్టు మెట్టుగానే దింపాలని చెప్పి ఆయన తిట్టిన తిట్లు ఇంకా గుర్తున్నాయి.

సీఆర్‌పీ మామూలైనా గోడలో వాపు ఉండొచ్చట, అందుకే స్కానింగులు తప్పలేదు. పద్నాలుగు నెలలకు గోడ మందం తగ్గింది, ఇరుకు మాత్రం అలాగే ఉంది. ఎవరైనా ఎడమ చేతికి పట్టీ చుట్టబోతే ఆపుతాను. అక్కడి అంకె నా అసలు రక్తపోటును దాచేస్తుంది.

ఇప్పుడు 5 మిల్లీగ్రాముల స్టీరాయిడ్ మీద ఉన్నాను. స్టెంటు మాట ఆయనా ఎత్తడం లేదు, నేనూ ఎత్తడం లేదు. జడ రెండు విడతల్లో అల్లుకుంటున్నాను.