సింథసైజర్ చెడిపోలేదు, నాబ్ మూసి ఉంది

పది రోజుల టెన్షన్ తర్వాత నిన్న రాత్రి పదకొండింటికి నా సింథసైజర్ పలికింది. ఆ సంతోషంలోనే రాస్తున్నాను.

మాది కావలి. పదేళ్లుగా భజనల్లో, పెళ్లి ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయిస్తున్నాను. శబ్దాన్ని సొంతంగా తయారు చేసుకోవాలనే కోరికతో చెన్నైలో సెకండ్ హ్యాండ్ అనలాగ్ సింథ్ (నాబులు తిప్పుతూ శబ్దాన్ని మనమే మలుచుకునే సింథసైజర్) ఒకటి 14 వేలకు కొని, పినాకిని రైల్లో ఒళ్లో పెట్టుకుని తెచ్చుకున్నాను. లోపల స్పీకర్ ఉండదు, ఆంప్లిఫయర్‌కి వైరు కలపాలి. ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది, కార్డ్స్ (ఒకేసారి కలిపి నొక్కే స్వరాలు) రావు. అది లోపం కాదు, 1970లో వచ్చిన మినీమూగ్ అనే పేరున్న సింథ్ కూడా అంతే.

మొదటి రోజు బాగానే మోగింది. రాత్రంతా నాబులు తిప్పి చూసి, మర్నాడు రిహార్సల్‌కి తీసుకెళ్తే ఒక్క శబ్దం లేదు. ఎనిమిది మంది నా కోసం ఆగారు. "పక్కన పెట్టబ్బయా, టైమైపోతా ఉంది" అన్నాడు ఆర్కెస్ట్రా ఆయన. చెమటలు పట్టాయి.

నెల్లూరులో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్లాను. ఆయన నన్ను అడక్కుండానే స్క్రూలు విప్పి, లోపల ఒకసారి చూసి, "ఐసీ (లోపలి చిప్పు) పోయింది, నాలుగు వేలవుద్ది. అయినా ఇది ఆడుకునే బొమ్మబ్బయా, దీంట్లో పాటలే లేవు గదా" అని పదిమంది ముందు నవ్వాడు. చూసినందుకు 500 తీసుకున్నాడు. ఒక్క నాబు కూడా తిప్పి చూడలేదు! తెలియని వస్తువైతే తెలియదని చెప్పి పంపాలి, అంతేగానీ బతికున్నదాన్ని పోయిందనకూడదు. అలాంటి చోట సింథ్ విప్పనివ్వకండి.

ఇంటికొచ్చి, శబ్దం ఎటు నుంచి ఎటు వెళ్తుందో కాగితం మీద గీసుకున్నాను. ముందు ఆసిలేటర్, అంటే శబ్దం పుట్టించే భాగం. అందులో రంపం పళ్లలా ఉండే సాటూత్ తరంగం పెట్టి 110 హెర్ట్జ్ స్వరం నొక్కితే దాంతోపాటు 220, 330, 440 అలా పైవన్నీ వస్తాయి. తర్వాత ఫిల్టర్. కటాఫ్ నాబు ఎక్కడ ఉంటే దానికి పైనున్న వాటిని అది తగ్గించేస్తుంది, నాబు పూర్తిగా కిందికి దించితే అసలు స్వరం కూడా వినపడదు. నాది సరిగ్గా అక్కడే ఉంది! పైకి తిప్పగానే గొంతు విప్పినట్టు మోగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

చివరిది ఎన్వలప్, అంటే శబ్దం ఎలా మొదలై ఎలా ఆగాలో చెప్పేది. అటాక్ అంటే శబ్దం పైకి రావడానికి పట్టే సమయం, డికే అంటే తర్వాత తగ్గే సమయం, సస్టెయిన్ అంటే వేలు నొక్కి ఉన్నంతసేపు నిలిచే స్థాయి. వీణ తీగ మీటగానే మోగి మెల్లగా తగ్గుతుంది, అంటే అటాక్ సున్నా, సస్టెయిన్ సున్నా, డికే పొడుగు. వయొలిన్ కమానులా మెల్లగా రావాలంటే అటాక్ పెంచాలి. వేలు తీశాక గుడిగంటలా మోగుతూ ఉండాలంటే రిలీజ్ పెంచాలి.

కొత్తవాళ్లు సాటూత్ ఒక్కటే పెట్టుకుని, కటాఫ్ పూర్తిగా తెరిచి, రెజొనెన్స్ (కటాఫ్ దగ్గరి శబ్దాన్ని పెంచే నాబు), అటాక్ సున్నా చేసి, సస్టెయిన్ నిండుగా ఉంచి, అక్కడి నుంచి ఒక్కో నాబే తిప్పండి. డబ్బు పెట్టేముందు కంప్యూటర్‌లో సర్జ్ ఎక్స్‌టీ, వైటల్ అనే సాఫ్ట్‌వేర్ సింథ్‌లు ఉచితంగా దొరుకుతాయి, వాటి మీద నేర్చుకోండి. నాకు పదేళ్ల చెవి ఉంది కాబట్టి గంటలో నాదస్వరానికి దగ్గరగా ఒక టోన్ తీసి, పిచ్ బెండ్‌తో (స్వరాన్ని పైకీ కిందికీ జార్చేది) గమకం కూడా పలికించాను.

ఆదివారం మళ్లీ రిహార్సల్. ఈసారి బేస్ సింథ్ మీదే వాయిస్తానని ఆర్కెస్ట్రా ఆయనకి పొద్దున్నే ఫోన్ చేసి చెప్పాను.