స్టర్లింగ్ కోటకి పసుపు రాశారు

మా అమ్మాయి గ్లాస్గోలో ఉద్యోగం చేస్తోంది. ఆదివారం ఖాళీగా ఉందని మమ్మల్ని స్టర్లింగ్ తీసుకెళ్ళింది. రైల్లో ముప్పావుగంట కూడా పట్టలేదు. దిగాక మాత్రం కోటదాకా ఎక్కుడే ఎక్కుడు. పైగా ఎదురుగాలి. మా ఆవిడ కొత్త గొడుగు సగం దారిలోనే వెనక్కి విచ్చుకుపోయింది.

కోట అంటే గోల్కొండలా రాతిగోడలే ఉంటాయనుకున్నాను. లోపలికెళ్తే ఎదురుగా పెద్ద హాలు, కిందనుంచి పైదాకా పచ్చగా!

"ఏవండీ, గడపకి రాసినట్టు మొత్తం పసుపు రాశారేంటి?" అంది మా ఆవిడ.

స్కాట్లాండ్ రాజు నాలుగో జేమ్స్ 1503 ప్రాంతంలో కట్టించిన గ్రేట్ హాల్ అది. తర్వాత సైన్యం చేతిలో పడి, లోపల అంతస్తులు వేసి బ్యారక్స్‌గా వాడారు. సైన్యం 1964లో ఖాళీ చేశాక బాగుచేయడం మొదలుపెడితే 1999కి తెమిలింది. పాత పసుపురంగు సున్నం ఆనవాళ్ళు దొరికాయని అదే రంగు వేయిస్తే, ఊళ్ళో చాలామందికి నచ్చలేదట. ఏళ్ళ తరబడి బూడిదరంగు రాయి చూసిన కళ్ళు కదా. గోడ మీద చెయ్యి పెట్టి చూశాను. గరుగ్గా, చల్లగా, అచ్చం మా తాతగారింటి సున్నం గోడే. చేతికి రంగు అంటలేదు, అంతే తేడా.

స్కాట్ల రాణి మేరీకి 1543లో ఈ కోటలోనే పట్టాభిషేకం చేశారు. అప్పటికి ఆ పిల్లకి తొమ్మిది నెలలు. మన లెక్కలో అన్నప్రాసన అయ్యి మూడు నెలలు!

నాకు బాగా నచ్చింది మాత్రం డేమియన్ కథ. బంగారం చేసిపెడతానని నాలుగో జేమ్స్ కొలువులో చేరిన రసవాది. 1507లో ఈకలతో రెక్కలు కట్టుకుని, ఫ్రాన్స్‌దాకా ఎగిరిపోతానని ఈ కోటగోడ మీదనుంచే దూకాడట. తొడ ఎముక విరిగింది. రెక్కల్లో కోడి ఈకలు కలిశాయి, కోడికి ఎప్పుడూ పెంటకుప్ప మీదే ధ్యాస, అందుకే కిందికి లాగాయి అన్నాడట. తప్పు మాత్రం తనది కాదు!

ఆ గోడ మీదనుంచి చూస్తే ఫోర్త్ నది జిలేబీ చుట్టలా మెలికలు తిరుగుతూ కనిపిస్తుంది. 1297లో స్కాట్లాండ్ యోధులు విలియం వాలెస్, ఆండ్రూ మరే ఆ నది దగ్గరే ఇంగ్లీషు సైన్యాన్ని ఓడించారు. ఇరుకు చెక్కవంతెన మీద సైన్యం సగం దాటేదాకా ఆగి మీద పడ్డారు. ఇప్పుడున్న పాత రాతివంతెన ఆ తర్వాత కట్టింది.

నదికి అవతల కొండ మీద వాలెస్ స్మారక గోపురం.

"అదీ ఎక్కుదామా నాన్నా? 246 మెట్లే" అంది అమ్మాయి.

మా ఆవిడ మాట్లాడకుండా బెంచీ మీద కూర్చుని పులిహోర డబ్బా మూత తీసింది.